కొంగ నిలబడ్డ చోటు

కాటుకమడుగు కేసు గురించి మీకు చాలామంది చాలా రకాలుగా చెప్పి ఉంటారు. అవన్నీ పక్కన పెట్టండి. ఆ కేసుని మొదటి నుంచి చివరిదాకా నడిపించింది నేను. నడిపించాననడం కూడా వినయం కొద్దీ, నిజానికి పరిగెత్తించాను. తాబేలు పరిగెత్తించడమేమిటని నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, మధ్యలో నవ్వితే నాకు వరస తప్పుతుంది. నా పేరు కూర్మయ్య. ఈ డిప్ప మీద గీతలు చూస్తున్నారుగా, ఒక్కో గీతా ఒక్కో కేసు. నేను రాసిన అర్జీల ఆకులు వరసగా పరిస్తే ఇక్కణ్ణుంచి చంద్రుడి దాకా తివాచీ పడుతుంది. చంద్రుడిలో కుందేలు ఇటు తిరిగి కూర్చున్నది ఎందుకనుకున్నారు, నాకు దణ్ణం పెట్టడానికే.

మా అడవికి రాజు సింహం. సింహం రోజులో ఎక్కువ భాగం నిద్రపోతుంది కనక రాజ్యాన్ని నడిపేవి శాఖలు. మేతల శాఖ, గుహల శాఖ, మడుగుల శాఖ. శాఖలో కొలువు దొరికిన జంతువుకి ఒక పచ్చిక బీడు రాసిస్తారు. పళ్ళు ఊడేదాకా డ్యూటీ చేస్తే, ఆ తర్వాత చచ్చేదాకా ఆ బీడు దానిదే. పైగా రోజూ పొద్దున్నే కోతుల చేత లేతగడ్డి ఏరించి ముందు పోయిస్తారు. మధ్యలో ఎప్పుడైనా టేకాకు మీద 'తొలగింపు' అన్న మాట పడిందా, బీడూ లేదు, లేతగడ్డీ లేదు. పళ్ళు లేని ముసలి జంతువు అడవి అంచున ముళ్ళకంపల్లో తిరుగుతూ, ఏ పులి కంటో పడేదాకా బతకాలి.

మడుగుల శాఖలో పోలయ్య అని ఒక దున్నపోతు ఉండేవాడు. కాటుకమడుగుకి కాపలాదారు. ముప్పై ఏళ్ళ సర్వీసు, ఇంకొక్క వానాకాలం గడిస్తే విశ్రాంతి. అతని డ్యూటీ ఏమిటో ముందు మీకు అర్థం కావాలి. ఆ మడుగు నడిమధ్యన, నీళ్ళ అడుగున ఒక రాతి బిలం ఉంది. అవతల వాగులో ఉన్న మొసలి ఇటు రావాలంటే అదొక్కటే దారి. ఆ మొసలి ఎంతదంటారా, దాని తల వాగులో ఉన్నప్పుడు తోక పక్క జిల్లాలో ఉండేది. పొద్దు పొడవగానే పోలయ్య నీళ్ళలోకి దిగి, ఆ బిలం మూతి మీద నాలుగు కాళ్ళూ తన్నిపట్టి నిలబడేవాడు. పొద్దు గూకేదాకా కదిలేవాడు కాదు. ఒళ్ళంతా నీళ్ళలోనే. పైకి కనిపించేవి రెండు ముక్కుపుటాలు, అవి కూడా తామరాకుల మధ్య ఉన్నాయో లేవో అన్నట్టు. ఒడ్డున జింకలూ దుప్పులూ హాయిగా నీళ్ళు తాగి పోయేవి. తమకేమీ కాకపోవడానికి ఒకడు కింద నిలబడి ఉండటమే కారణమని వాటిలో సగానికి తెలియదు. అది అటువంటి ఉద్యోగం. ఎంత బాగా చేస్తే అంత కనిపించదు.

పోలయ్య వీపు మీద ఒక కొంగ నిలబడేది. పేరు శ్వేతాచలం, మడుగుల శాఖలో బంట్రోతు. ఆఫీసు నుంచి వచ్చే ఆకులు మోయడం అతని పని. పని లేనప్పుడు పోలయ్య వీపు మీద ఒంటికాలి మీద నిలబడి చేపలు ఏరుకునేవాడు. వీపు మీద జానెడు నీళ్ళు ఉండేవి కనక, గట్టు మీంచి చూసేవాళ్ళకి మడుగు మధ్యలో మోకాలి లోతు నీళ్ళలో కొంగ నిలబడ్డట్టు ఉండేది. నిజానికి అక్కడి లోతు ఏడు తాటిచెట్లు. కొలిచినవాళ్ళు మాత్రం దున్నపోతు ముట్టె అందేంత అంటారు. కొలతల దగ్గర నేను పట్టింపుగా ఉండను.

శాఖకి పెద్ద జంబుకేశ్వర్రావు అనే నక్క. ఆయన రాసిన ఆకు ఏదీ వెనక్కి రాలేదని పేరు. అప్పీలు చేసుకోవడానికి అరవై రోజులున్న గడువుని ముప్పైకి కుదించింది కూడా ఆయనే. అడిగితే, అన్యాయం జరిగినవాడికి కోపం నెల దాటి ఉండకూడదు, ఆరోగ్యానికి మంచిది కాదని చెప్పేవారట. ఆ ఏడాది ఆయన కూతురికి పెళ్ళయింది. అల్లుడికి కొలువు కావాలి. వెతికితే అడవి మొత్తం మీద కూర్చుని చేసే ఉద్యోగం ఒక్కటే కనిపించింది ఆయనకి, కాటుకమడుగు కాపలా. పోలయ్య నిలబడి చేస్తున్నాడన్న సంగతి ఆయనకి తెలియక కాదు. గట్టు మీద చెట్టు నీడ బాగుంటుంది, అంతే.

ఒకరోజు పొద్దున జంబుకేశ్వర్రావు తనిఖీకి వచ్చారు. చేతిలో ఫారం. ఆ ఫారాన్ని ఆయనే స్వయంగా తయారు చేశారు, తొమ్మిది గళ్ళు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫైలు వెనక్కి కొట్టాలని ఉత్తర్వు కూడా ఆయనదే. గట్టున నిలబడి, తామరాకుల వైపు చూడకుండా, "పోలయ్యా" అని మూడుసార్లు పిలిచారు. చెవులు నీళ్ళలో ఉన్నవాడికి ఆ పిలుపు ఎలా వినిపిస్తుంది. అయినా గళ్ళలో ఒక గడి 'పిలుపులు ఎన్ని' అన్నది, అందులో మూడు అని పడింది.

అయిదో గడి దగ్గర ఆయన ఆగారు. 'సాక్షి, సాక్షి నిలబడి ఉన్న చోటు.' చుట్టూ చూస్తే ఉన్నది కొంగ ఒక్కటే. రమ్మని సైగ చేశారు. తరవాత ఈ సంభాషణంతా శ్వేతాచలమే నాకు చెప్పాడు, ఒక్కో మాటకి ఒక్కో చేప పుచ్చుకుని.

"పోలయ్య నీకు కనిపించాడా?"

"నా ఎదురుగా అయితే లేడండి."

"చుట్టుపక్కల?"

"చుట్టుపక్కల కూడా లేడండి."

"నువ్వు ఎక్కడ నిలబడి చూశావు?"

"మడుగు నడిమధ్యనండి. రోజూ అక్కడే కదండి నేను."

శ్వేతాచలం ఒక్క మాట కూడా అబద్ధం ఆడలేదు, గమనించారా. కాళ్ళ కింద ఎవరున్నారని ఎవరూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పే బంట్రోతు ఏ శాఖలోనూ ఎక్కువకాలం ఉండడు.

జంబుకేశ్వర్రావు ఫారం నింపారు. ఆయనకి ఒక గర్వం ఉండేది. వివరం ఉంటేనే ఫైలుకి బలం వస్తుందని, పై అధికారులు వివరం చూసి నమ్ముతారని. అందుకని పడమటి గాలి వీస్తోందని రాశారు. రెండు తామరలు విచ్చాయని రాశారు. అయిదో గడిలో, 'బంట్రోతు శ్వేతాచలం మడుగు నడిమధ్యన మోకాలి లోతు నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడి ఉండగా, చుట్టూ మరొక ప్రాణి లేదని చూసి ధ్రువీకరించాడు' అని అందంగా రాశారు. కింద కొంగ కాలిముద్ర. ఇలా పదకొండు రోజులు వచ్చారు. పదకొండు ఫారాలు. పదకొండుసార్లు అదే అయిదో గడి, అదే అందం.

తరవాత చార్జి మెమో వచ్చింది. పదకొండు రోజులు డ్యూటీకి గైర్హాజరు, సంజాయిషీ చెప్పుకో అని. పోలయ్య సంగతి తెలుసు కదా, ఒక మాట లోపలికి వెళితే అది నాలుగు కడుపులూ తిరిగి నెమరుకొస్తే గాని బయటికి రాదు. సంజాయిషీకి ఇచ్చింది మూడు రోజులు. అతనికి ఆ గడువు చాలలేదు, దాంతో విచారణ జరిగింది. విచారణాధికారి జంబుకేశ్వర్రావు గారి బావమరిది దుమ్ములగొండి. నక్కకి దుమ్ములగొండి బావమరిది ఎలా అయ్యాడని అడగకండి, ఆఫీసుల్లో చుట్టరికాలు అవసరాన్ని బట్టి కుదురుతాయి. పదకొండు ఫారాలూ గట్టిగా చదివి వినిపించి, ఏమంటావని అడిగితే పోలయ్య నములుతూ నిలబడ్డాడు. 'ఉద్యోగి నోట మాట లేదు, నేరం ఒప్పుకున్నట్టే' అని దుమ్ములగొండి రాసేసి నవ్వాడు.

తొలగింపు ఉత్తర్వు తెచ్చి ఇచ్చింది శ్వేతాచలమే. ఎక్కడ ఇచ్చాడనుకున్నారు. ఎప్పట్లాగే వెళ్ళి పోలయ్య వీపు మీద వాలి, మెడ వంచి, ముక్కుపుటాల దగ్గర చదివాడు. పోలయ్య తల కాస్త పైకెత్తి, "ఎప్పటి నుంచి?" అన్నాడు.

"తక్షణం అని ఉంది పోలయ్యా."

"జింకలు ఇంకా తాగుతున్నాయి కదా."

ఆ రోజు పొద్దు గూకేదాకా అతను అలాగే నిలబడ్డాడు, ఉద్యోగం లేకుండానే. ఆఖరి దుప్పి మూతి తుడుచుకుని వెళ్ళాక గట్టెక్కి, ఒళ్ళు దులుపుకుని, నీళ్ళు కారుతూ నేరుగా నా దగ్గరికి వచ్చాడు. 

"తాతా, బీడు ఖాళీ చెయ్యమన్నారు," అన్నాడు. 

అతని నోట్లో మిగిలిన పళ్ళు నాలుగు. ముళ్ళకంపల్లో ఆ నాలుగు పళ్ళతో ఒక వారం కూడా గడవదు. నేను డిప్పలోంచి పూర్తిగా బయటికి వచ్చాను. నేను పూర్తిగా బయటికి రావడం ఈ అడవి రెండేసార్లు చూసింది, మొదటిసారి భూకంపం వచ్చినప్పుడు.

ఆ రోజు నేను రాసిన అప్పీలులో డెబ్బై రెండు పాయింట్లు. ఒక్కో పాయింటు ఒక్కో పిడుగు. అర్జీ రాస్తుంటే ముల్లు మొన నుంచి నిప్పురవ్వలు రాలి, పక్కన ఉన్న ఎండుగడ్డి అంటుకుంటే ఉడత వచ్చి ఆర్పింది. పై అధికారి మద్దికోనలో ఉండే ఏనుగు మాతంగమ్మ. ఆవిడకి నేరుగా ఇద్దామంటే కుదరదు. రూలు ప్రకారం అప్పీలు సరైన మార్గంలో పోవాలి. సరైన మార్గమంటే, నీ ఉద్యోగం తీసేసినవాడి చేతికే ఇచ్చి, అయ్యా మీరు చేసింది తప్పని పై వాళ్ళకి మీరే పంపించండి అని దణ్ణం పెట్టాలి. ఈ రూలు పెట్టినవాడెవడో గాని వాడికి హాస్యం తెలుసు.

మేమిద్దరం వెళ్ళి ఇచ్చాం. జంబుకేశ్వర్రావు అర్జీ పుచ్చుకుని, తిరగేసి, మడిచి తన కిందే వేసుకుని కూర్చున్నారు. ముప్పై రోజులూ ఆయన లేవరని నాకు అర్థమైంది.

"ముందస్తు నకలు ఒకటి పైకి నేరుగా పంపుకోవచ్చని రూలుంది కదండీ," అన్నాను.

"బ్రహ్మాండంగా పంపుకో. ఎవరు తీసుకెళ్తారు?"

"నేనే."

ఆయన నన్ను తల నుంచి తోక దాకా చూశారు. దానికి ఎక్కువ సేపేం పట్టలేదు. "ఏం ముసలాడా, మద్దికోనకా? గడువు ముప్పై రోజులు, తెలుసుగా. మూడు వందలు కాదు." అని, ఆగకుండా నవ్వి, దారిలో ఆకలేస్తే తినమని రెండు రేగుపళ్ళు కూడా ఇచ్చారు. అంత ధీమా ఆయనది. నన్ను ఆపాలంటే ఆయనకి ఒక్క కాలు చాలు, తిరగేసి పడుకోబెడితే సరిపోయేది. ఆపలేదు.

పోలయ్యే వెళ్ళొచ్చు కదా అంటారేమో. తొలగించిన ఉద్యోగి అప్పీలు తేలేదాకా హద్దు దాటితే పారిపోయినట్టు లెక్క. అదీ రూలే.

ఇక నా పరుగు వినండి. మద్దికోన ఎంత దూరమంటే, జింక పొద్దున బయల్దేరితే ఎండ ముదరకముందే చేరుతుంది. నేను మెడ చాచి, కాళ్ళు నాలుగూ ఒకేసారి ఎత్తి, దుమ్ము రేపుకుంటూ బయల్దేరాను. నా వేగానికి దారి పక్కన పొదలు వంగిపోయాయి. ఒక నత్త నన్ను చూసి కళ్ళు తిరిగి పడిపోయింది. రెండు వాగులు, ఒక ఎక్కుడు, ఒక దిగుడు. దిగుడులో అయితే అసలు కాళ్ళు వాడలేదు, దొర్లిపోయాను. సరిగ్గా ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం మాతంగమ్మ పాదాల ముందు అర్జీ పడింది. ఒక్క రోజు మిగుల్చుకుని మరీ చేరాను. కావాలంటే ఇరవై ఎనిమిదికే చేరేవాణ్ణి, తొందరపడ్డట్టు ఉంటుందని ఆగాను.

ఈలోగా కాటుకమడుగు దగ్గర ఏం జరిగిందో చెప్పాలి. అల్లుడుగారు కొలువులో చేరారు. గట్టున చెట్టునీడలో కూర్చున్నారు. నీళ్ళు చల్లగా ఉంటాయట, ఆయనకి పడవట. మూడో రోజు ఒక కోతి నీళ్ళు తాగుతుంటే దాని తోకలో సగం మాయమైంది. అయిదో రోజు నుంచి మొసలి బిలంలోంచి రావడం కూడా మానేసింది, మడుగులోనే కాపురం పెట్టింది. ఎనిమిదో రోజున అల్లుడుగారు చెట్టునీడ నుంచి చెట్టు మీదికి మారారు. జింకలు రెండు కొండలు దాటి ఎక్కడో బురదనీళ్ళు తాగి రావడం మొదలుపెట్టాయి. అప్పుడు తెలిసింది కొందరికి, పోలయ్య అనే ఒకడు ఉండేవాడని.

మాతంగమ్మ అర్జీ చూసి, రికార్డులన్నీ తెమ్మని కబురు పెట్టి, విచారణ మడుగు గట్టునే అన్నది. నన్ను తొండంతో ఎత్తి కుంభస్థలం మీద కూర్చోబెట్టుకుంది. అక్కణ్ణుంచి మడుగు దాకా ఏనుగుని తోలుకొచ్చింది నేనే అని ఎవరైనా అంటే నేను కాదనను.

గట్టు మీద అడవంతా చేరింది. జంబుకేశ్వర్రావు ఫైలుతో వచ్చారు. నన్ను చూసి ఆయన మీసం ఒక్క క్షణం వాలింది, మళ్ళీ లేచింది. ఫైలు గట్టిదని ఆయన నమ్మకం. నేను ముందుకొచ్చి వాదన మొదలుపెట్టాను. అటువంటి వాదన ఈ భూమ్మీద మళ్ళీ జరగదు. మొదటి పాయింటుకి కొండలు వంగి విన్నాయి. రెండో పాయింటుకి గాలి ఆగిపోయింది. నాలుగో పాయింటు మధ్యలో మాతంగమ్మ చెవులు ఆగిపోయాయి, కళ్ళు మూతపడ్డాయి, చిన్నగా గురక వినిపించింది. ఏకాగ్రత ఎక్కువైతే కొందరికి అలా అవుతుంది. డెబ్బై రెండూ పూర్తి చేసేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

ఆవిడ కళ్ళు తెరిచి, నన్ను దాటి పోలయ్య వైపు చూసింది.

"నువ్వేమైనా చెప్పేదుందా నాయనా?"

నేను కంగారుపడ్డాను. వీడు నోరు తెరిస్తే కేసు పోతుందని కాదు, అసలు తెరవడేమోనని. విచారణ రోజు విన్న పదకొండు ఫారాలు, ఇన్నాళ్ళూ అతని లోపల తిరుగుతూనే ఉన్నాయని నాకేం తెలుసు. పోలయ్య నోట్లో ఉన్నది నిదానంగా మింగాడు.

"అమ్మగారూ, అయిదో గడి ఒకసారి చదివించండి," అన్నాడు.

చదివారు. మడుగు నడిమధ్యన, మోకాలి లోతు నీళ్ళలో, ఒంటికాలి మీద.

"కొంగ దేని మీద నిలబడిందో అడగండి."

 మొదట కోతులకి తట్టింది, తరవాత దుప్పులకి. నవ్వు ఒక చివర మొదలై ఇంకో చివరికి పాకింది. మాతంగమ్మ నవ్వలేదు. జంబుకేశ్వర్రావు వైపు చూసింది.

"ఆ రోజుల్లో నీళ్ళు తక్కువ అమ్మగారూ," అన్నారాయన వెంటనే. తెలివి తెలివే, కాదనను. "ఇసుక మేట ఉండేది. ఆ మేట మీద నిలబడింది. తరవాత కొట్టుకుపోయింది."

"పదకొండు రోజులూ ఉందా మేట?"

"పదకొండు రోజులూ ఉంది."

"తామరలు విచ్చిన సంగతి రాశావు. గాలి ఎటు వీచిందో రాశావు. మేట సంగతి ఒక్క ఫారంలోనూ లేదే?"

ఆయన దగ్గర దానికీ జవాబు ఉంది. "దానికి గడి లేదండి," అన్నారు.

మాతంగమ్మ మెల్లగా మడుగులోకి దిగింది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, పొట్ట తాకాయి. నడిమధ్యన ఆగి, కాలితో అడుగున తడిమి, రాయి అని చెప్పింది. ఇసుక కాదు, రాయి. రాయి కొట్టుకుపోదు. ఆవిడ నీళ్ళలో ఉండగా మొసలి ఎక్కడుందో ఎవరికీ కనిపించలేదు, అది మర్యాద తెలిసిన మొసలి. తరవాత ఆవిడ గట్టెక్కి, శ్వేతాచలాన్ని పిలిచి, పదకొండు రోజులూ ఎక్కడ నిలబడ్డావో ఇప్పుడు అక్కడే నిలబడమంది.

శ్వేతాచలం గాలిలోకి లేచాడు. నడిమధ్య మీద ఒక చుట్టు తిరిగాడు. ఒక కాలు దించాడు, నీళ్ళు. రెండో కాలు దించాడు, నీళ్ళే. మెడ దాకా మునిగి, రెక్కలు తపతపలాడించి, చచ్చీ చెడీ గట్టున పడ్డాడు. తడిసిన కొంగ ఎంత ఉంటుందో మీరెప్పుడైనా చూశారా, రెండు పుల్లలూ ఒక దూదిపింజా.

"ఇప్పుడు నువ్వు దిగు," అంది ఆవిడ పోలయ్యతో.

పోలయ్య దిగాడు. నడక రోజూ నడిచిందే. నడిమధ్యకి చేరేసరికి అడుగున నీళ్ళు ఒక్కసారి సుడి తిరిగాయి, పెద్ద తోక ఒకటి పైకి లేచి మళ్ళీ మునిగింది, బిలంలోకి బుడబుడమని ఏదో వెనక్కి దూరిన చప్పుడు. ఆ తరవాత నాలుగు కాళ్ళూ తన్నిపట్టిన ముద్ర నీళ్ళ మీదే కనిపించింది. తామరాకులు సర్దుకున్నాయి. రెండు ముక్కుపుటాలు. ఇంకేమీ లేదు.

శ్వేతాచలం ఎగిరి వెళ్ళి వాలాడు. మోకాలి లోతు నీళ్ళు. ఒక కాలు ముడిచాడు. ఒంటికాలి మీద నిలబడ్డాడు.

గట్టున ఉన్న అడవంతా కళ్ళు చికిలించి చూసింది. కొంగ తప్ప మరో ప్రాణి లేదు. అచ్చం ఫారంలో రాసినట్టే ఉంది. జంబుకేశ్వర్రావు రాసిన పదకొండు ఫారాల్లో ఒక్క అక్షరం తప్పు లేదు. పోలయ్య పదకొండు రోజులూ డ్యూటీలో ఉన్నాడని అంత పక్కాగా, అంత అందంగా ఇంకెవరూ రుజువు చెయ్యలేకపోయేవారు, నాతో సహా. ఈ మాట నేను ఇంకెక్కడా ఒప్పుకోను.

"శ్వేతాచలం," అంది మాతంగమ్మ, "కింద పోలయ్య ఉన్నాడని నీకు తెలుసా?"

"తెలుసండి."

"మరి చెప్పలేదే?"

"ఎదురుగా ఉన్నాడా అన్నారండి, చుట్టుపక్కల ఉన్నాడా అన్నారండి. కింద ఉన్నాడా అని అడగలేదండి."

ఆవిడ అక్కడే ఉత్తర్వు చెప్పింది. తొలగింపు రద్దు. బయట ఉన్న రోజులన్నీ డ్యూటీ కిందే లెక్క. బీడు పోలయ్యదే. తప్పుడు తనిఖీ చేసినందుకు జంబుకేశ్వర్రావు తొలగింపు, తక్షణం. కావాలంటే సింహం గారికి అప్పీలు చేసుకోవచ్చు, ఆ దర్బారు కూడా మద్దికోనలోనే, గడువు ముప్పై రోజులు. అల్లుడుగారిని చెట్టు మీంచి దింపడానికి రెండు కోతులు వెళ్ళాయి, తోక సగం ఉన్నది కూడా వెళ్ళింది, సరదాగా.

పోలయ్య ఈ ఉత్తర్వు వినలేదు. చెవులు నీళ్ళలో ఉన్నాయి. శ్వేతాచలం మెడ వంచి చెప్పాడు. రెండు బుడగలు పైకొచ్చాయి. జింకలు ఒక్కొక్కటే వచ్చి మూతులు పెట్టాయి.

ఇక శాఖ ఏం చేసిందంటారా. ఇంత జరిగాక ఆ ఫారం తీసేస్తారని అనుకున్నాను. తీసెయ్యలేదు, పదో గడి చేర్చారు. 'సాక్షి దేని మీద నిలబడ్డాడు.'

నాలుగు రోజులకి నా దగ్గరికి ఒకరు వచ్చారు. మీసం వాలిపోయి, ఒంటి నిండా ముళ్ళు గుచ్చుకుని, పక్కనే నిలబడి దగ్గారు.

"కూర్మయ్యగారూ."

ఆ 'గారు' వినడానికి నేను ఇన్నేళ్ళూ బతికాను. కూర్చోమన్నాను. ఆయన అప్పీలు ఆయనే రాసుకున్నారు, చాలా బాగా రాశారు, వివరాలతో. అసలు ప్రతిని సరైన మార్గంలో ఇచ్చారట. ఇప్పుడు ఆ శాఖకి తాత్కాలికంగా పెద్ద దుమ్ములగొండి. బావగారి అర్జీ పుచ్చుకుని, మడిచి, తన కిందే వేసుకుని కూర్చున్నాడట. తాత్కాలికం పర్మనెంటు కావాలంటే కొన్ని ఆకుల మీద కూర్చోక తప్పదు. హద్దు రూలు ఆయనకీ వర్తిస్తుంది. ముందస్తు నకలు తీసుకెళ్ళమంటే జింకలు ఆయన మాట పూర్తికాకముందే పరారీ. శ్వేతాచలం మాత్రం, అది నా డ్యూటీ గడిలో లేదండి అన్నాడట.

"మీరు తప్ప దిక్కు లేదు," అన్నారాయన. "పోయినసారి ఎన్ని రోజులు పట్టింది?"

"ఇరవై తొమ్మిది. మెరుపులా పోయాను."

"ఈసారి కూడా అలాగే పోతారుగా?"

"అంతకంటే వేగంగా పోతాను. మీ అర్జీ కదా."

నేను మాట తప్పేవాణ్ణి కాను. ఆ క్షణమే బయల్దేరాను. మెడ చాచి, నాలుగు కాళ్ళూ ఒకేసారి ఎత్తి, గాలిని వెనక వదిలేసి పోయాను. నా జీవితంలో అంత వేగంగా ఎన్నడూ పరిగెత్తలేదు. దారిలో ఇప్పపూలు రాలుతున్నాయి. ఆ వాసన మీకు తెలుసో లేదో. రెండు రోజులు ఆగాను, అంతే.

ఆయన తొలగింపు ఉత్తర్వు పడ్డ రోజు నుంచి లెక్కేస్తే ముప్పయ్యొకటో రోజు మధ్యాహ్నానికి మద్దికోన చేరాను. దర్బారు గుమస్తా తేదీ చూసి, అరవై ఉన్న గడువుని ముప్పై చేసిన ఉత్తర్వు తీసి చూపించాడు. కింద సంతకం గుండ్రంగా, చాలా అందంగా ఉంది. జంబుకేశ్వర్రావు గారిదే.

వినండి పిల్లలూ, పెద్దలూ, కొలువుల్లో ఉన్నవాళ్ళూ: ఎదుటివాడి కూడు తీసేసే కాగితం రాసే ముందు, నీ కాళ్ళ కింద నిలబడి నిన్ను మోస్తున్నది ఎవరో ఒకసారి వంగి చూసుకో.